పిల్లలకు నీళ్ళాట కావాలంటే...

ఏప్రిల్ ఆఖరి వారంలో బడులకు సెలవులిస్తారు. మళ్ళీ గంట కొట్టేది జూన్ రెండో వారంలోనే. ఆ ఏడు వారాలూ పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని వేగడం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? అందులోనూ మా అనంతపురం జిల్లా ఎండలు! పొద్దున పది దాటితే వాకిట్లో కాలు పెట్టలేం. ఫ్యాను వేసుకుంటే పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉంటుంది. క్యారమ్ బోర్డు ముందేసినా, కథల పుస్తకం చేతికిచ్చినా గంటసేపే. ఆ తర్వాత అసలు పాట మొదలు - "అమ్మా, నీళ్ళలో ఆడుకుంటాం!"

మాది విడపనకల్లు. ఒక పక్క బళ్ళారి, ఒక పక్క గుంతకల్లు, ఇంకో పక్క ఉరవకొండ. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే జిల్లా మాది. అదైనా ఏటా వస్తుందన్న నమ్మకం లేదు. పక్కనున్న వజ్రకరూరులో తొలకరి పడగానే జనం వజ్రాల కోసం చేలల్లో వెతుకుతారని మీరూ వినే ఉంటారు. మాకైతే ఆ వానచినుకే వజ్రం. అలాంటి చోట పిల్లలు నీళ్ళాట అడిగితే పెద్దవాళ్ళకు కోపం రాక ఏమొస్తుంది?

"తాగేకి నీళ్ళు లేవంటే ఆడుకునేకి కావల్లనా?" అంటుంది మా అత్త. ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. రెండు కిలోమీటర్లు నడిచి కడవ మోసిన మనిషి ఆమె. నీళ్ళు ఒలకబోస్తే లక్ష్మిని ఒలకబోసినట్టే ఆమెకు. కానీ చెల్లెళ్ళూ, నేను చెప్పేది కూడా కాస్త వినండి. పిల్లలు నీళ్ళ దగ్గరకు పోకుండా ఉండరు. మనం మంచి చోటు చూపించకపోతే వాళ్ళే ఒక చోటు వెతుక్కుంటారు. వాళ్ళు వెతుక్కునే చోటు ఎలా ఉంటుందో తెలుసుకుంటే మీకే గుండె జారిపోతుంది.

ఊరి చుట్టూ ఉన్న నీళ్ళు

మా వైపు నీళ్ళు ఎక్కడెక్కడ నిలుస్తాయో ఒకసారి లెక్క వేసి చూడండి. పాత దిగుడు బావులు, కంకర తవ్వి వదిలేసిన గుంతలు, పొలాల్లో తవ్విన నీటి కుంటలు, తుంగభద్ర ఎగువ కాలువ, ఉరవకొండ అవతల పెన్నహోబిలం రిజర్వాయరు. వీటిలో పిల్లల కోసం కట్టింది ఒక్కటీ లేదు.

కాలువ సంగతి చెప్పాలి. తుంగభద్ర డ్యాం నుంచి బళ్ళారి జిల్లా మీదుగా మా జిల్లాలోకి వస్తుంది. నీళ్ళు వదిలేది వానాకాలంలో కాబట్టి ఎండాకాలం దాని భయం తక్కువ. దసరా సెలవుల్లో మాత్రం నిండుగా పారుతుంటుంది. పైకి చూస్తే మెల్లగా పోతున్నట్టే ఉంటుంది. గట్టు ఏటవాలు, దాని మీద సిమెంటు, సిమెంటు మీద పాచి. ఒకసారి జారితే పట్టుకోవడానికి గడ్డిపరక కూడా దొరకదు. పెద్ద ఈతగాళ్ళే పైకి రాలేక అవస్థ పడతారు, ఇక పిల్లలెంత?

పొలాల్లో కుంటలు 2014 తర్వాత బాగా పెరిగాయి. ఉపాధి హామీ పనుల్లో పంట సంజీవని పేరుతో చాలామంది రైతులు తవ్వించుకున్నారు. పంటకు మంచిదే, కాదనను. కానీ కొన్నిటికి నీళ్ళు ఇంకకుండా అడుగున నల్ల ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. తడిసిన పట్టా మీద మేకపిల్ల కాలు పెట్టినా నిలవదు. మీ పొలంలో అలాంటి కుంట ఉంటే చుట్టూ కంచె వేయించండి. ముళ్ళకంప నరికి చుట్టూ పరిచినా సరే. ఒక మూల మోకుతాడు ముళ్ళు వేసి, గూటానికి కట్టి, లోపలికి వేలాడదీయండి. ఖర్చు వంద రూపాయలో రెండొందలో. పడినవాడికి పట్టుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది.

మా ఎరుకలో ఒక ఇంట్లో పదకొండేళ్ళ పిల్లవాడు వేసవి సెలవుల్లో బావికి పోయాడు. ముగ్గురు పోతే ఇద్దరు తిరిగొచ్చారు. వచ్చిన ఇద్దరూ భయంతో సాయంత్రం దాకా నోరు విప్పలేదు. బావి గట్టున చెప్పులు చూసి గొర్రెలు కాసేవాళ్ళు చెబితే గానీ ఇంట్లో తెలియలేదు. ఆ తల్లి ఇప్పటికీ ఆ దారిన నడవదు. చుట్టు తిరిగి పోతుంది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది నీళ్ళలో మునిగి చనిపోయారని, వాళ్ళలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ళలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పింది. మన దేశంలో ఏటా 38 వేల మందికి పైగా పోతున్నారని 2023 డిసెంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. మునిగేవాళ్ళు సినిమాల్లోలాగా చేతులు ఊపుతూ కేకలు పెడతారని అనుకోకండి. నోట్లోకి నీళ్ళు పోతుంటే కేక ఎలా వస్తుంది? చప్పుడు లేకుండా దిగిపోతారు. పసిపిల్లకైతే బకెట్టు నీళ్ళు చాలు. బోర్లా పడితే లేవలేదు.

మునుగుతున్నవాళ్ళ కోసం ఈత రానివాళ్ళు దూకకూడదు. కట్టె అందించాలి, తాడు విసరాలి, ఖాళీ ప్లాస్టిక్ బిందె మూతి బిగించి విసరాలి. మన ఒంటి మీద అందరికంటే పొడుగైన తాడు ఉంది కదా! 2020 ఆగస్టులో తమిళనాడులో పెరంబలూరు జిల్లా కొట్టరై దగ్గర నలుగురు కుర్రాళ్ళు నీళ్ళలో కొట్టుకుపోతుంటే అక్కడున్న ముగ్గురు ఆడవాళ్ళు కట్టుకున్న చీరలు విప్పి విసిరి ఇద్దర్ని బయటికి లాగారు. సెంతమిళ్ సెల్వి, ముత్తమ్మాళ్, ఆనందవల్లి వాళ్ళ పేర్లు. అక్కడి ప్రభుత్వం వాళ్ళకు కల్పనా చావ్లా పురస్కారం ఇచ్చింది. సిగ్గు కంటే ప్రాణం పెద్దదని ఆ క్షణంలో తోచింది చూడండి, దానికి ఇవ్వాలి పురస్కారం.

ఇంకొక్క మాట. నీళ్ళలోంచి తీసిన బిడ్డను కాళ్ళు పట్టుకుని తలకిందులుగా తిప్పడం, కడుపు నొక్కి నీళ్ళు కక్కించడం మన పల్లెల్లో అలవాటు. అలా చేయకండి. దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తి, ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ఐదుసార్లు ఊదాలి. అయినా కదలిక లేకపోతే రొమ్ము మధ్యన గట్టిగా, గబగబా 30 సార్లు నొక్కడం, రెండుసార్లు ఊదడం - ఇలా 108 బండి వచ్చేదాకా ఆపకూడదు. లేచి కూర్చుని మాట్లాడినా సరే, ఆస్పత్రికి తీసుకుపోయి చూపించాల్సిందే.

నిలవని నీళ్ళు

భయపెట్టడం అయింది. ఇక ఆట సంగతి.

మీ అమ్మాయో, చెల్లెలి కూతురో అమెరికాలో ఉంటే స్ప్లాష్ ప్యాడ్ అన్న మాట మీకు తెలిసే ఉంటుంది. పురుడు పోయడానికి వెళ్ళిన అమ్మమ్మలు ఎండాకాలం సాయంత్రాలు పెద్ద మనవడిని వెంటబెట్టుకుని కూర్చునేది వీటి దగ్గరే. టెక్సాస్‌లో మనవాళ్ళు ఎక్కువగా ఉండే డల్లాస్ చుట్టుపక్కల పేటల్లో, ఊరి పార్కులోనే ఉంటాయి. చాలా చోట్ల టిక్కెట్టు లేదు. మే నెలాఖరున తెరిస్తే సెప్టెంబరు మొదట్లో మూసేస్తారు.

స్ప్లాష్ ప్యాడ్ అంటే ఈత కొలను కాదు. చదునైన గచ్చు. గరుకుగా ఉండే సిమెంటు గానీ, మెత్తటి రబ్బరు గానీ పరుస్తారు. కింద గొట్టాలుంటాయి. నేలలోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, గొడుగు ఆకారంలో కురుస్తాయి, పైనున్న డోలు నిండి ఒక్కసారిగా నెత్తిన కుమ్మరిస్తుంది. కురిసిన నీళ్ళు కురిసినట్టే కాలువలోకి పోతాయి. పాదం మునిగేంత కూడా నిలవవు. అందుకే నడక వచ్చీరాని పిల్ల కూడా ఆడొచ్చు. మునగడానికి నీళ్ళే లేవు గదా! దాని కిటుకు అంతా ఇదే.

ఇది మనకు తెలియని ఆట కాదు. వాన రానప్పుడు మా వైపు కప్పతల్లి ఆడేవాళ్ళు. రోకలికి వేపమండలు చుట్టి, గుడ్డలో కప్పను కట్టి, పిల్లలు భుజాన వేసుకుని ఇంటింటికీ వచ్చేవాళ్ళు. ఇల్లాలు బయటికొచ్చి చెంబెడు నీళ్ళు రోకలి మీద పోయాలి. ఆ నీళ్ళు కప్ప మీద పడేవి సగం, మోసే పిల్లల మీద పడేవి సగం. కరువులో కూడా ఆ చెంబుడు నీళ్ళకు ఎవరూ వెనకాడేవాళ్ళు కాదు. ఇక చేలో బోరు మోటారు వేసినప్పుడు గొట్టం నుంచి తొట్టిలోకి దూకే నీళ్ళ కింద నిలబడని పిల్లలున్నారా? అవన్నీ మన స్ప్లాష్ ప్యాడ్‌లే. పేరు పెట్టుకోలేదు, అంతే.

అయితే అమెరికా వాటిలో అంతా మంచే అనుకోకండి. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సి.డి.సి. 2024లో ఒక లెక్క తీసింది. 1997 నుంచి 2022 దాకా స్ప్లాష్ ప్యాడ్‌ల వల్ల 60 సార్లు జబ్బులు వ్యాపించాయి, 10,611 మంది పడకేశారు. ఎక్కువగా విరేచనాలే. కారణం చిన్నదే. వాడిన నీళ్ళనే కింద తొట్టిలో పట్టి మళ్ళీ పైకి చిమ్ముతారు. విరేచనాలు పట్టిన ఒక్క పిల్ల దిగితే చాలు, ఆ నీళ్ళు అందరి నోళ్ళలోకీ పోతాయి. క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి ఉంది. అది క్లోరిన్ వేసిన నీళ్ళలో కూడా వారం రోజులకు పైగా బతుకుతుందట. 2021లో డల్లాస్ పక్కనే ఆర్లింగ్టన్‌లో ఒక పార్కు నీళ్ళలో ఆడిన చిన్న పిల్లవాడు మెదడుకు పాకే అమీబాతో చనిపోయాడు. అక్కడ క్లోరిన్ సరిగా చూడలేదని తర్వాత తేలింది. మన పక్కన కేరళలో 2024, 2025ల్లో ఈ అమీబా జ్వరం గురించి పేపర్లలో చదివారు కదా! అది తాగితే రాదు, ముక్కులోంచి లోపలికి పోతే వస్తుంది. వెచ్చగా నిలవున్న నీళ్ళు దానికి ఇష్టం.

కాబట్టి ఎక్కడికి తీసుకువెళ్ళినా ముందు నీళ్ళు చూడండి. అడుగు కనిపించేంత తేటగా ఉండాలి. వేళ్ళతో రుద్దితే గచ్చు జిగటగా తగలకూడదు. నీళ్ళను ఎన్నాళ్ళకు మారుస్తారని అక్కడివాళ్ళను అడగండి. "అడిగితే ఏమనుకుంటారో" అని మొహమాటపడకండి. టిక్కెట్టు డబ్బులు ఇచ్చేది మనం. నీళ్ళు నోట్లోకి, ముక్కులోకి పీల్చవద్దని పిల్లలకు ఇంటి దగ్గరే చెప్పి బయలుదేరండి. విరేచనాలు పట్టిన పిల్లను మాత్రం ఎంత ఏడ్చినా దించవద్దు. మన పిల్ల సంగతే కాదు, పక్కవాళ్ళ పిల్లల సంగతి కూడా.

దూరం వెళ్ళగలిగితే

మా విడపనకల్లులో అలాంటి పార్కు లేదు. ఏడాదికి ఒకసారి నాలుగు డబ్బులు కూడబెట్టుకుని వెళ్ళగలిగినవాళ్ళకు బెంగళూరు, హైదరాబాదు దారి. బెంగళూరు దగ్గర బిడదిలో వండర్‌లా 2005లో పెట్టారు. హైదరాబాదు రావిర్యాల దగ్గరది 2016లో. అలాంటి చోట్ల చిన్నపిల్లలకు విడిగా లోతు లేని నీళ్ళు, చిమ్మే బొమ్మలు ఉంటాయి. వయసును కాకుండా ఎత్తును బట్టి టిక్కెట్టు అడుగుతారు, గుర్తుంచుకోండి. మన ఆరేళ్ళవాడు పొడుగైతే డబ్బులూ పొడుగే.

అక్కడ మనకు ఎదురయ్యేది బట్టల సమస్య. వాటర్ పార్కుల్లో చీరతో, నూలు బట్టలతో నీళ్ళలోకి దిగనివ్వరు. నైలాను, పాలిస్టర్ లాంటివే కావాలి. నూలు పోగులు ఊడి నీళ్ళు వడకట్టే మిషన్లో చిక్కుకుంటాయని కారణం. అది తెలియక వెళ్ళిన తల్లులంతా ఏం చేస్తారు? సంచులు, చెప్పులు, ఫోన్లు కాపలా కాస్తూ గట్టున కూర్చుంటారు. మగవాళ్ళు నిక్కర్లు వేసుకుని పిల్లలతో కేరింతలు. నాకు ఇది నచ్చదు. టిక్కెట్టు మనకూ కొన్నారు కదా! ఒక పాలిస్టర్ పైజమా, పొడుగు చేతుల పైచొక్కా ముందే కుట్టించుకుని సంచిలో పెట్టుకోండి. లాకరు అద్దెకు ఇస్తారు, సంచి అందులో పెట్టి మీరూ దిగండి. నలభై దాటితే నీళ్ళు కరుస్తాయా?

ఆడపిల్లల విషయమూ అంతే. మగపిల్లలు బావికి పోతారు, మోటారు కింద తడుస్తారు. పదేళ్ళు దాటిన ఆడపిల్లను మాత్రం "ఇంకా నీళ్ళాటలేంది?" అని గడప దగ్గరే ఆపేస్తాం. ఈత నేర్పించేదీ వాళ్ళకే, తడవనిచ్చేదీ వాళ్ళకే. ఆరేళ్ళు దాటిన పిల్లలందరికీ ఈత, నీళ్ళ జాగ్రత్తలు నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అందులో మగ, ఆడ అని లేదు. ఒంటి మీద నిండుగా బట్ట ఉంటే చాలదా?

అంత దూరం, అంత ఖర్చు పెట్టలేనివాళ్ళకు హొసపేట దగ్గర తుంగభద్ర డ్యాం ఉంది. బళ్ళారి నుంచి 60 కిలోమీటర్లకు కాస్త పైన. డ్యాం కింద తోట, సాయంత్రం పాటలకు తగ్గట్టు ఆడే రంగుల ఫౌంటెన్. తడవడానికి కాదు గానీ, మన కాలువకు వచ్చే నీళ్ళు ఎక్కడ పుడుతున్నాయో పిల్లలకు చూపించొచ్చు. పొద్దున హంపి చూసుకుని, సాయంత్రానికి డ్యాం చేరితే ఒక రోజు సరిపోతుంది. హంపిలో రాణి స్నానశాల చూపించడం మరవకండి. నడుమ కొలను, చుట్టూ కిటికీలు. ఇప్పుడు చుక్క నీళ్ళు లేవు. "అమ్మా, రాణి ఇక్కడ ఆడుకునేదా?" అని మీ పాప అడగకపోతే చూడండి.

ఇంటి దగ్గరే

ఏడాదికి ఒకరోజు సరే. మిగతా వేసవంతా? ఇక్కడ నాకు ఒకటే లెక్క. పిల్లలు ఆడిన నీళ్ళు వృథా పోకూడదు. ఎలాగూ చెట్టుకో, మడికో పెట్టాల్సిన నీళ్ళను పిల్లల ఒంటి మీదుగా పంపితే సరి. మా అత్త కూడా దీనికి ఒప్పుకుంది, ఇంకేం కావాలి!

పెరట్లో వేపచెట్టో, జామచెట్టో ఉందా? పాత ప్లాస్టిక్ బకెట్టు తీసుకోండి. దబ్బనం కాల్చి అడుగున ఇరవై దాకా సన్న చిల్లులు పెట్టండి. గట్టి తాడుతో కొమ్మకు కట్టి, పిల్లల తల కంటే మూరెడు పైన ఉంచండి. ముడి మీరే వేసి, ఒకసారి లాగి చూడండి. బిందె నీళ్ళు పోస్తే సన్నటి వానలాగా పది నిమిషాలు వస్తాయి. నలుగురు పిల్లలకు మూడు బిందెలు. అంటే 45 లీటర్లు. మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలని కుళాయి పథకం లెక్క. ఆ రోజు పిల్లలకు వేరే స్నానం అక్కర్లేదు కాబట్టి నష్టమేమీ లేదు. నీళ్ళు చెట్టు పాదులోకే పోతాయి. షాంపూ, సబ్బు మాత్రం వద్దు. చెట్టుకూ మంచిది కాదు, కాలు జారుతుంది కూడా.

పొలం ఉన్నవాళ్ళకైతే ఇంకా సులువు. మన జిల్లాలో డ్రిప్పు, స్ప్రింక్లరు తెలియని రైతు లేడు. పశువుల గడ్డి మడికి, కూరగాయలకు రెయిన్ పైపు వేస్తారు చూశారా? బద్దెలాగా చదునుగా ఉండి, నీళ్ళు వదిలితే రెండు పక్కలా మనిషెత్తు చిమ్ముతుంది. దాని పక్కన మెత్తటి నేల మీద పిల్లల్ని వదిలితే అమెరికా స్ప్లాష్ ప్యాడ్ ఎందుకు? నీళ్ళు నిలవవు, లోతు లేదు, గడ్డి తడుస్తుంది, పిల్లలూ తడుస్తారు. చీనీ తోటకు నీళ్ళు పెట్టే రోజు చూసుకుని ఒక గంట ముందు వెళ్ళొచ్చు.

జాగ్రత్తలు ఉన్నాయి మరి. ఎండలో పడున్న నల్ల గొట్టంలో నిలిచిన నీళ్ళు కాగి ఉంటాయి. మొదట వచ్చే నీళ్ళు చేతికి తగిలినా బొబ్బ లేస్తుంది. రెండు మూడు నిమిషాలు నీళ్ళు వదిలేసి, మీ మోచేతి మీద పోసుకుని చూసి, అప్పుడు పిల్లల్ని పిలవండి. ఎరువు కలిపి వదిలిన రోజు, మందు కొట్టిన వారంలో ఆ మడి దగ్గరకే పోనీయకండి. మందు కొట్టే పంపు, ఖాళీ డబ్బాలు ఆటకు వాడకూడదని చెప్పక్కర్లేదు గానీ చెబుతున్నా. పొద్దున తొమ్మిదిలోపు, లేకపోతే సాయంత్రం ఐదు తర్వాత మేలు. మసక చీకటి పడేలోపు ఇంటికి రావాలి. తడి నేలకు కప్పలు వస్తాయి, కప్పల వెంట పాములు వస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం కరెంటు. తడిచేత్తో, తడికాళ్ళతో మోటారు స్టార్టరు దగ్గరకు ఎవరూ పోకూడదు. మోటారు వేసేదీ, ఆపేదీ చెప్పులు వేసుకుని పొడిగా ఉన్న పెద్దమనిషి. పిల్లలు ఆడే చోటుకూ స్టార్టరు డబ్బాకూ మధ్య ఒక మనిషిని నిలబెట్టండి. ఇంట్లో మోటారుకు ఎర్త్ లీకేజి బ్రేకరు పెట్టించుకుంటే ఇంకా మంచిది. కరెంటు ఎక్కడ లీకయినా టక్కున ఆపేస్తుంది. తొట్టి ఉంటే అందులో ఆడనివ్వకుండా, ఆట అవగానే ఖాళీ చేయండి. మూత లేని సంపు, మూత లేని బాన ఇంట్లో ఉండకూడదు. నిన్నటి నీళ్ళు, మొన్నటి నీళ్ళు ఆటకు వాడకండి. అమీబా సంగతి పైన చెప్పానుగా. నీళ్ళ ప్లాంటువాళ్ళు బయటికి వదిలేసే నీళ్ళు ఊరికే వస్తాయి కదా అని కొందరు అంటారు. వద్దండీ. ఉప్పు, ఫ్లోరైడు అందులో చిక్కబడి ఉంటాయి. పిల్లలు ఆటలో గుటక వేయకుండా ఉండరు.

ఎంతమంది పిల్లలున్నా చూసే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి చూడటమే పనిగా ఉండాలి. చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఫోను చూస్తూ కాదు. మన వీధుల్లో పొదుపు సంఘం ఉంటుంది కదా, పది ఇళ్ళ తల్లులు వంతులు వేసుకోండి. సోమవారం ఒకరి పెరడు, గురువారం ఇంకొకరి చేను. అరగంట మీరు కాస్తే, మిగతా తొమ్మిదిమంది ఇంట్లో నడుం వాలుస్తారు. అంగన్‌వాడీ ఆవరణలో చెట్టు, కుళాయి ఉంటే అక్కడి టీచరమ్మను అడగండి. ఇంకొక మాట: ఊరికి కొత్తగా పార్కు కడతామని పంచాయతీలో మాట వస్తే, ఉయ్యాల, జారుడుబల్లతో పాటు ఇలాంటి గచ్చు ఒకటి అడగండి. వాడిన నీళ్ళు పార్కు చెట్లకు పోయేలా కాలువ తీయమనండి. గ్రామసభలో ఆడవాళ్ళు అడిగితే రాసుకుంటారు. రాసుకునేదాకా కూర్చోండి.

నీళ్ళలోంచి వచ్చిన పిల్లల ఆకలి మీకు తెలుసు. పూరీల పిండి కలుపుతూ కూర్చుంటే అంతసేపు ఆగరు. మా వైపు ఉగ్గాణి చేస్తాం. బళ్ళారి, అనంతపురం వాళ్ళకు కొత్త కాదు, మిగతా జిల్లాల చెల్లెళ్ళ కోసం చెబుతున్నా. లీటరు శేరుతో నాలుగు శేర్లు బొరుగులు తీసుకుని నీళ్ళలో వేసి, వెంటనే పిండి పక్కన పెట్టండి. నానబెడితే ముద్దవుతాయి. బాండలిలో నూనె వేసి ఆవాలు, కరివేపాకు, చీల్చిన పచ్చిమిరపకాయలు, సన్నగా తరిగిన ఉల్లిపాయలు, చిటికెడు పసుపు వేసి మగ్గనివ్వండి. ఉల్లిపాయ మెత్తబడ్డాక బొరుగులు, ఉప్పు వేసి రెండు నిమిషాలు కలపండి. దించే ముందు వేయించిన శనగపప్పు పొడి రెండు చెంచాలు చల్లి, నిమ్మకాయ పిండండి. పిల్లల తలలు తుడిచి, పొడి బట్టలు వేసేలోపు తయారవుతుంది. పక్కన మిరపకాయ బజ్జీ పెడితే పెద్దవాళ్ళు కూడా వరసలోకి వస్తారు.